ఇద్దరి పేరున మొక్కు

బెంగుళూరు బళేపేటలో గాజులంగడి పార్వతమ్మ అంటే ఒకప్పుడు తెలియని ఆడవాళ్ళు తక్కువ. ఈ మధ్య ఆమెను గుర్తుపట్టేవాళ్ళు మారిపోయారు. మెట్రో ఎక్కితేనో, లాల్‌బాగ్ గేటు దగ్గర నిలబడితేనో ఎవరో ఒక జీన్సు పిల్ల ఎదురొచ్చి, "ఆంటీ, మీరు అంకుల్‌తో కలిసి తిరుపతికి నడుస్తారు కదా? వీడియోలో చూశాను" అంటుంది. పక్కన నిలబడి సెల్ఫీ తీసుకుంటుంది. అప్పుడు పార్వతమ్మ మొగుడు ఆదినారాయణప్ప నడుము నిటారుగా చేసి, టోపీ సర్దుకుని, నిండుగా నవ్వుతాడు. పార్వతమ్మ కూడా నవ్వుతుంది, నవ్వకపోతే ఏమనుకుంటారో అని. ఆ ఫోటో తీసేలోగానే ఆమె కళ్ళు చుట్టుపక్కల కూర్చునే చోటు ఎక్కడుందా అని వెతుకుతూ ఉంటాయి.

ఆమె పుట్టింది అంగడి వెనక ఇంట్లోనే. తండ్రి సుంకన్నకు ఒక్కతే కూతురు. నడక రాకముందు నుంచే ఆ పిల్లను గాజుల పెట్టెల మధ్య పరుపు మీద కూర్చోబెట్టి ఆయన బేరం చేసేవాడు. పావడాలు కట్టే వయసుకే వచ్చినవాళ్ళ చేతులు పట్టుకుని గాజులు తొడగడం నేర్చుకుంది. పెళ్ళికూతుళ్ళ చేతులు, సీమంతం చేతులు, బట్టలుతికి మొద్దుబారిన చేతులు. చెయ్యి ఎదుటిదాని చేతిలో పెట్టి కూర్చున్న ఆడది ఏదీ దాచుకోదు. అత్త సంగతి, మొగుడి సంగతి, కడుపులో ఉన్న పిల్ల సంగతి అన్నీ చెప్పేస్తుంది. ఊళ్ళు తిరగాలని పార్వతమ్మకు ఎప్పుడూ అనిపించలేదు. ఊరే వచ్చి ఆమె ముందు కూర్చునేది. ఇంట్లోంచి అంగడిలోకి గడప దాటితే ఆమె ప్రయాణం అయిపోయేది.

మేనత్త కొడుకు ఆదినారాయణప్పను ముళబాగిలు దగ్గరి పల్లె నుంచి తెచ్చి సుంకన్న ఇల్లరికం పెట్టుకున్నాడు. మంచివాడు, గట్టిగా మాట్లాడని మనిషి. సరుకు తేవడం, పంపడం అతని పని. పరుపు మీద కూర్చునేది మాత్రం పార్వతమ్మే. కూతురు శ్రుతి పుట్టింది, చదువుకుంది, కుందలహళ్ళి పక్కన ఐటీ ఉద్యోగంలో చేరి అక్కడే ఇల్లు తీసుకుంది. సుంకన్న కాలం చేశాడు. అంగడి మాత్రం అట్లే సాగుతూ వచ్చింది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆదినారాయణప్ప గాజుల పెట్టె అటక మీదికి ఎత్తబోయి, ఎత్తలేక కింద చతికిలబడ్డాడు. ఒళ్ళంతా చెమట.

"ఏమీ లేదు పార్వతీ, గాలాడలేదు, అంతే" అన్నాడు గానీ పెదాలు నల్లబడిపోయాయి. పక్కంగడివాళ్ళు ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తారు. గుండె నాళాలు మూసుకుపోయాయని స్టెంట్లు వేశారు. పార్వతమ్మ ఐసీయూ బయట ఇనుప కుర్చీలో కూర్చుని దేవుడి పేరు తప్ప ఇంకేదీ తలుచుకోలేదు.

ఇంటికి వచ్చాక మొదటి శనివారం బంధువులందరితో కలిసి పేటలోని వెంకటరమణస్వామి గుడికి పోయారు. ఆదినారాయణప్ప కళ్ళ నీళ్ళతో, అందరికీ వినబడేటట్టు మొక్కుకున్నాడు.

"స్వామీ, నన్ను లేపి నిలబెట్టినావు. నా కాళ్ళు ఆడినన్నాళ్ళు ఏటా నీ కొండకు నడిచి వస్తాను. నేనొకణ్ణే కాదు, నేనూ నా పెండ్లామూ జోడీగా వస్తాము."

చుట్టూ ఉన్నవాళ్ళు గోవింద కొట్టారు. పార్వతమ్మ కూడా చేతులు జోడించింది. మొగుడు బతికి తన పక్కన నిలబడి ఉన్నాడు, అప్పుడు ఆమెకు అదొక్కటే కనబడింది. ఆ మాటలో తన కాళ్ళు కూడా కలిపి కట్టేశారని ఇంటికి వచ్చి అన్నం వార్చేటప్పుడు గానీ తట్టలేదు.

రోజూ నడవమని డాక్టరు చెప్పాడు. మొదట్లో లాల్‌బాగ్‌లో ఒక చుట్టు. అతను ఎక్కడ పడిపోతాడో అని ఆమె వెనకే పోయేది, చేతిసంచిలో నీళ్ళసీసా, నాలుక కింద పెట్టుకునే మాత్రలు వేసుకుని. తరవాత చుట్లు పెరిగాయి. తరవాత ఘాటి సుబ్రహ్మణ్యం దాకా, శివగంగ కొండ దాకా. అప్పుడు అతనికి తన తాత చెప్పిన పాతదారి గుర్తొచ్చింది. బస్సులూ రైళ్ళూ లేని రోజుల్లో బెంగుళూరి పేటల నుంచి జనం హొసకోట, కోలారు, ముళబాగిలు మీదుగా పలమనేరు దిగి తిరుపతికి నడిచిపోయేవాళ్ళట. ముళబాగిట్లో ఆంజనేయుడికి చెప్పుకోకుండా ఎవరూ ముందుకు పోయేవాళ్ళు కాదట. వాళ్ళ తాత చలిపందిరి వేసి వాళ్ళకు మజ్జిగ పోసేవాడట. ఆ దారిలో మిగిలిన మంటపాలు, దిగుడుబావులు, నెత్తిమీది మూట దింపుకునే రాతిదిమ్మెలు అన్నీ వెతికి పట్టుకోవడం ఆదినారాయణప్పకు పిచ్చిగా మారింది. మనిషి సన్నబడ్డాడు, ముఖంలో కళ వచ్చింది. డాక్టరే ఆశ్చర్యపోయాడు.

పార్వతమ్మకు నడకలో కాళ్ళనొప్పి కంటే పెద్ద బాధ వేరే ఉండేది. హైవే పొడుగునా మగవాళ్ళు ఎక్కడబడితే అక్కడ నిలబడతారు. ఆడదానికి చాటు ఎక్కడ? పెట్రోలు బంకు ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినా తలుపుకు గడియ ఉండదు. అందుకని ఆమె తెల్లవారినప్పటి నుంచి నీళ్ళు తాగడం మానేసేది. మొగుడికి పట్టుకున్న సీసాలో నీళ్ళు భుజాన కుదుపుతూ ఉంటే, నాలుక పిడచకట్టుకుని వెనక నడిచేది. ఈ సంగతి ఎవరికి చెప్పుకుంటుంది? దేవుడి దారిలో నడుస్తూ ఇదేం మాట అంటారు.

మొదటి తిరుపతి నడక అయి తిరిగొచ్చేసరికి అంగడిలో పరుపు లేదు. ఆదినారాయణప్ప తమ్ముడు కృష్ణప్ప గాజు కౌంటరు పెట్టించి, లైట్లు బిగించి, దాని వెనక నిలబడి ఉన్నాడు.

"మనము ఇట్ల తిరగతా ఉంటే అంగడి మూసిపెట్టేదానికి అయితదా?" అన్నాడు ఆదినారాయణప్ప. "కృష్ణప్ప చూసుకుంటాడు. నువ్వు ఇంక నెమ్మదిగా ఉండు."

నెమ్మదిగా ఉండమన్నవాడే మరుసటి ఆదివారం తెల్లవారుజామున లేపి బూట్లు తొడుక్కోమన్నాడు. అది ఆమె తండ్రి అంగడి. ఒక మాట అడగలేదు. గట్టిగా అందామనుకుంది. అంతలో అతను మెట్లు దిగుతూ ఒక చెయ్యి ఎడమ రొమ్ము మీద పెట్టుకున్నాడు. అలవాటుగా పెట్టుకున్నాడో, నొప్పే వచ్చిందో. నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. ఆ తరవాత ఎన్నిసార్లు మింగిందో ఆమెకే తెలియదు.

ప్రియాంక వాళ్ళ జీవితంలోకి వచ్చింది శివగంగ కొండ మీద. గుంటూరు పిల్ల, కుందలహళ్ళిలో ఏదో కంపెనీలో పని. సెలవుల్లో తనలాంటి ఉద్యోగస్తులను పోగేసి పాత యాత్రాదారుల వెంట నడిపిస్తుంది. దానికి 'పాతదారి' అని పేరు పెట్టుకుంది. ఆదినారాయణప్ప తిరుపతి దారి సంగతి చెప్పడం మొదలుపెడితే ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని విన్నది.

"అంకుల్, ఈ రూట్ మనం గ్రూప్‌గా చేద్దాం. మీరిద్దరూ ముందు నడవండి, మేమంతా మీ వెనక. మీ జంటను చూస్తేనే మాకు ఇన్‌స్పిరేషన్" అంది.

అంతే. జనవరి సెలవులకు పోస్టరు తయారైంది. దాని మీద ఆదినారాయణప్ప చెయ్యి ముందుకు చూపిస్తూ, పార్వతమ్మ అతని భుజం వెనక నుంచి చూస్తూ ఉన్న ఫోటో. సీట్లన్నీ నిండిపోయాయి. కులసంఘం వాళ్ళు హాల్లో పిలిచి శాలువాలు కప్పి, 'ఆదర్శ దంపతులు' అని ఫలకం చేతికిచ్చారు. ఆ ఫలకం పట్టుకుని వేదిక మీద నిలబడితే పార్వతమ్మకు ఊపిరాడనట్టు అయింది. శాలువా మందంగా ఉందని సరిపెట్టుకుంది.

తప్పించుకోవడానికి ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. మోకాలు నొప్పి అంది. ఆదినారాయణప్ప వెంటనే ఫిజియో దగ్గరికి తీసుకుపోయాడు. ఆ కుర్రాడు కాలు అటూ ఇటూ వంచి చూసి, "మీకు బెస్ట్ మందు నడకే అమ్మా, మానొద్దు" అన్నాడు. ఒంట్లో సుస్తీగా ఉంది అంది. రక్తపరీక్ష అన్నీ బాగున్నాయని వచ్చింది. తన ఒళ్ళే తనకు ఎదురుతిరిగి మొగుడి పక్షం చేరిపోయినట్టు అనిపించింది. చివరకు కూతురికి ఫోన్ చేసింది.

"శ్రుతీ, నాకు ఈ నడక వద్దనిపిస్తా ఉండాదే."

"అయ్యో అమ్మా, స్టార్ట్ అయ్యే ముందు అందరికీ అట్లే ఉంటాది. నా ఆఫీసులో అందరూ మీ వీడియోలే చూస్తారు. నాన్న నిన్ను వదిలి ఒక్క అడుగు వెయ్యడు, ఎంత లక్కీ నువ్వు! కొత్త బూట్లు పంపిస్తా ఉండా, లోపల మెత్తగా ఉంటాయి."

బూట్లు వచ్చాయి. నిజంగానే మెత్తగా ఉన్నాయి.

బయల్దేరే రోజు బళేపేట సందంతా జనం. కృష్ణప్ప దండలు వేశాడు. తమటె డప్పులు వాయించేవాళ్ళు అవెన్యూ రోడ్డు దాకా వచ్చారు. హలసూరు దాటి పాత మద్రాసు రోడ్డెక్కేసరికి ఎండ మొదలైంది. ఒకవైపు మెట్రో స్తంభాలు, ఒకవైపు బస్సుల హారన్లు, కాళ్ళ కింద పగిలిన పలకలు. ప్రియాంక బృందంలో పిల్లలు పాటలు పెట్టుకుని హుషారుగా నడుస్తున్నారు. ఆదినారాయణప్ప ఎక్కడో ఒక బ్యాంకు గోడలో కలిసిపోయిన పాత రాయిని చూపించి కథ చెబుతున్నాడు. అందరూ చుట్టూ మూగారు. పార్వతమ్మ ఆ రాయినే చూసింది. అది ఉన్నచోటే ఉంది. ఎవరూ దాన్ని నడవమనలేదు.

కె.ఆర్. పురంలో మొదటి మజిలీ. రెండో మజిలీ హొసకోటలో ఒక కల్యాణమంటపం. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ జంపఖానా మీద కూర్చుంటే ప్రియాంక ఫోన్ కెమెరా పట్టుకుని వచ్చింది.

"అంకుల్ ఎప్పుడూ మాట్లాడతారు. ఇవాళ ఆంటీ వంతు. ఆంటీ, ఈ ప్రాచీనమైన దారిలో నడుస్తుంటే మీకు ఏమనిపిస్తుంది?"

ఎప్పుడు అడిగినా పార్వతమ్మ "అంతా స్వామి దయ" అని ఊరుకునేది. ఆ రోజు కూడా అదే అనబోయింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. పొద్దున్నుంచి గుక్కెడు నీళ్ళు తాగలేదు. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"నాకు నడిచేది ఇష్టం లేదు."

అందరూ గొల్లుమని నవ్వారు. ప్రియాంక నవ్వాపుకోలేక ఫోన్ ఊపేసింది. ఆదినారాయణప్ప తొడ మీద చరుచుకుని, "చూడండప్పా, ఇన్ని కొండలు ఎక్కినాక చెప్తా ఉండాది!" అన్నాడు. మళ్ళీ నవ్వులు.

"నిజంగానే చెప్తా ఉండాను. నాకు బేజారు. నాకు ఒకచోట కూర్చోవల్ల" అంది పార్వతమ్మ.

ఇంకా గట్టిగా నవ్వారు. "ఆంటీ టైమింగ్ చూడండి!" అన్నారెవరో. పార్వతమ్మ ఆ ముఖాలన్నీ ఒక్కొక్కటిగా చూసింది. అందరూ మంచి పిల్లలే. తనంటే ఇష్టమున్నవాళ్ళే. ఒక్కరికీ ఆమె మాట చేరలేదు. నిజం చెప్పినా తలుపు తెరుచుకోదని ఆ మధ్యాహ్నం ఆమెకు తెలిసింది. అంతదాకా, నోరు విప్పి చెబితే చాలు, అంతా తేలిపోతుందని ఎక్కడో ఒక ఆశ ఉండేది.

సాయంకాలానికల్లా ఆ వీడియో ఊరంతా తిరిగింది. శ్రుతి ఫోన్ చేసి, "సూపర్ అమ్మా నువ్వు!" అని పకపక నవ్వింది.

మరుసటి రోజు పొద్దున అందరూ సంచులు తగిలించుకుని గేటు దగ్గర నిలబడ్డారు. పార్వతమ్మ మంటపం మెట్టు మీద కూర్చుంది. బూట్ల తాళ్ళు కట్టుకోలేదు. పక్కన నిండు చెంబు పెట్టుకుని నీళ్ళు తాగుతోంది. ఆదినారాయణప్ప వచ్చాడు.

"లెయ్ పార్వతీ, ఎండెక్కుతాది."

"నేను రాను. మీరు పోండి."

అతను నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. ప్రియాంకతో, మీరు నడుస్తా ఉండండి, వెనకే వస్తామని చెప్పి పంపేసి, వచ్చి కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"నిన్న చెప్పింది తమాషాకు కాదా?"

"ఎప్పుడన్నా తమాషా చేసినానా నేను?"

"కాళ్ళు నొప్పి ఉంటే ఈ పొద్దు ఇక్కడే ఆగుదాము. రేపు పోదాము."

"కాళ్ళు బాగుండాయి. మొన్న బాగుండాయి, పోయినేడు కూడా బాగుండాయి. నాకు ఇష్టం లేదు. మొదటి నుంచి లేదు."

ఆదినారాయణప్ప టోపీ తీసి చేతిలో తిప్పాడు. "అట్లయితే మొక్కు?" అన్నాడు.

"మొక్కింది మీరు. నేను దండం పెట్టుకున్నాను, అంతే. స్వామికి తెలియదా ఆ భేదం?"

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంటారు కదా."

అతను ఆ మాటకు తల వంచుకున్నాడు.

"పార్వతీ, నీకొకటి చెప్పల్ల. నేను సుమ్మనే ఒకచోట కూర్చుంటే నాకు గుండె చప్పుడు వినిపిస్తాది. పండుకుంటే వినిపిస్తాది. ఎప్పుడు ఆగుతాదో అని లెక్కబెట్టుకుంటా ఉంటాను. నడస్తా ఉంటే వినిపించదు. నువ్వు వెనక వస్తా ఉండావంటే, పడితే పట్టుకునేదానికి ఒక మనిషి ఉండాదని ధైర్యం. నువ్వు లేకుండా నేను నడవలేను. నడవకుండా ఉండలేను. ఏం చెయ్యమంటావు?"

పార్వతమ్మ అతని వంక చూసింది. ఇన్నేళ్ళూ ఈ మనిషి సంతోషంతో నడుస్తున్నాడనుకుంది. భయంతో పరిగెత్తుతున్నాడని తెలియలేదు. ఆమె చెయ్యి తనంతట తానే బూటు తాడు మీదికి పోయింది. ఒక ముడి వేసింది కూడా. ఈ ఒక్కసారికి పోదామా అనిపించింది. ఈ ఒక్కసారికి, ఈ ఒక్కసారికి అని ప్రతిసారీ అనుకుందన్న సంగతి వెంటనే గుర్తొచ్చింది. ముడి విప్పేసింది.

"మీకేమన్నా అయితే పక్కనుండి నేనేం చేస్తాను? మాత్ర పెడతాను, ఏడుస్తాను. మాత్ర ప్రియాంక కూడా పెడతాది. ఏడ్చేది నేను ఇంట్లో కూర్చుని ఏడుస్తాను."

ఆదినారాయణప్పకు కోపం వచ్చింది. అతనికి కోపం రావడం ఆమె చాలా ఏళ్ళుగా చూడలేదు. టోపీ నెత్తిన కొట్టుకుని, "సరే, నేను దారిలో పోతే నీకు నెమ్మది" అని గేటు దాటి వెళ్ళిపోయాడు. వెనక్కి చూడలేదు.

కాసేపటికి ప్రియాంక ఒక్కతే వగరుస్తూ తిరిగి వచ్చింది. "ఆంటీ, సారీ. నేను నిజంగా జోక్ అనుకున్నాను. వీడియో తీసెయ్యమంటారా?"

"అది ఉండనీ. ఇక్కడ చూడు" అని పార్వతమ్మ చేతిసంచి విప్పి మాత్రలు చూపించింది. "నొప్పంటే ఇది నాలుక కింద పెట్టల్ల. నీళ్ళతో మింగించకూడదు. మీ అంకుల్ నొప్పి ఉంటే చెప్పడు. మాట్లాడేది ఆపినాడంటే అప్పుడు అడుగు. కథ చెప్తా ఉండాడంటే బాగుండాడు."

ప్రియాంక సంచి భుజానికి వేసుకుని తలూపింది. పోయే ముందు వంగి ఆమె కాళ్ళకు దండం పెట్టింది. "ఈ కాళ్ళనా?" అని పార్వతమ్మకు నవ్వొచ్చింది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. వచ్చిన దారంతా వెనక్కి జారిపోతూ ఉంటే హాయిగా ఉంటుందనుకుంది. రోడ్డు మీద అంబులెన్సు కూత వినబడినప్పుడల్లా కిటికీలోంచి వెనక్కి తిరిగి చూసింది. మెజెస్టిక్ బస్టాండులో దిగి ఇంటికి నడిచింది. తాళం తీసి లోపలికి వచ్చి కూర్చుంది. కూర్చోవడం కోసమే కదా వచ్చింది. గంట కూడా కూర్చోలేకపోయింది. లేచి ఫోను చూసింది, మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది.

ఆదినారాయణప్ప ఫోన్ చెయ్యలేదు. ప్రియాంక ప్రతి మజిలీ నుంచి ఒక ఫోటో పంపేది. అందులో అతను ఎడంగా, ముఖం ముడుచుకుని ఉండేవాడు. సందులో బయటికి వస్తే చాలు, పలకరింపులు. "అయ్యో, ఎందుకొచ్చేస్తివి?" "ఆయన్ను ఒకణ్ణే పంపిస్తివా?" గుడి కమిటీ పెద్ద ఆవులప్ప ఇంటి ముందు ఆగి మరీ చెప్పాడు. "సగం దారిలో తిరిగొచ్చేది మంచిది కాదమ్మా. మొక్కు ఊరికే పోదు."

ఆ మాటతో ఆమె గడప దాటడమే మానుకుంది. రోడ్డు మీద నడిచినప్పుడు లేని ఇరుకు సొంత ఇంట్లో మొదలైంది. కిటికీ తలుపులు వేసుకుని, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, అతను పడిపోయాడని కబురు వస్తే జనం ఏమంటారో కూడా ముందే విని కూర్చుంది. ఒక మధ్యాహ్నం ఇక తట్టుకోలేక వెనక తలుపు గుండా అంగడిలోకి పోయింది. కృష్ణప్ప కంగారుపడి ప్లాస్టిక్ స్టూలు తెచ్చి కౌంటరు ఇవతల వేశాడు, గిరాకీలు కూర్చునే వైపు. తండ్రి అంగడిలో గిరాకీలాగా కూర్చుంది. కాఫీ తెప్పిస్తే తాగి వచ్చేసింది.

ముళబాగిలు నుంచి ఫోన్ వచ్చింది. అతనే.

"మా పల్లె దాటినాను" అన్నాడు.

"బాగుండారా?"

"ఆ. ఆంజనేయస్వామి గుడిలో కూర్చుని ఉండాను. కూర్చునే ఉండాను చాలాసేపు నుంచి. చప్పుడు వినిపిస్తానే ఉండాది. వినిపించనీలే అనుకున్నాను" అన్నాడు.

ఫోను పెట్టేశాక పార్వతమ్మ తిరిగొచ్చాక మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నది.

ఆదినారాయణప్ప కొండ ఎక్కాడు. దర్శనం చేసుకుని రైల్లో తిరిగొచ్చాడు. ఏమీ కాలేదు. అతను మెట్లెక్కి వస్తుంటే పార్వతమ్మకు ఏడుపొచ్చింది. దాంతోపాటు, తను లేకపోయినా అంత దారీ నడిచేశాడే అని ఒక చిన్న ముల్లు కూడా గుచ్చుకుంది. అది ఆమె ఎవరికీ చెప్పలేదు.

ప్రసాదం కోసం పేట జనం వచ్చారు. ఆవులప్ప కుర్చీలో కూర్చుని కాఫీ లోటా పట్టుకుని మొదలుపెట్టాడు.

"అంతా సరేనప్పా, జోడీగా మొక్కింది ఒంటరిగా తీర్చినావే?"

"ఆమెకు కాళ్ళు బాగలేదు ఆవులప్పా. మోకాళ్ళు పట్టేసినాయి" అన్నాడు ఆదినారాయణప్ప. పెళ్ళాం పరువు కాపాడుతున్నాననుకున్నాడు.

వంటింట్లో ఉన్న పార్వతమ్మ విన్నది. ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ నష్టం లేని అబద్ధం. రేపటి నుంచి కుంటుతూ నడిస్తే చాలు, జీవితాంతం ఎవరూ ఏమీ అడగరు. ఆ జీవితాంతం కళ్ళ ముందు కనబడింది. చేతిలో గరిటె పక్కన పెట్టి ముందుగదిలోకి వచ్చింది.

"కాళ్ళు బాగానే ఉండాయన్నా. నాకు ఇష్టం లేక రాలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆవులప్ప లోటా కింద పెట్టాడు. కృష్ణప్ప నేల చూశాడు. ఆదినారాయణప్ప ముఖం ఎర్రబడింది, పెళ్ళాం వంక చూశాడు, చూసి చూసి ఒక నిట్టూర్పు విడిచాడు.

"అవునప్పా" అన్నాడు. "ఇష్టం లేదంట."

అంతకంటే ఏమీ జరగలేదు. ఆకాశం విరిగి పడలేదు. ఆవులప్ప ప్రసాదం తీసుకుని వెళ్ళిపోయి గుడిలో నాలుగు మాటలు అనే ఉంటాడు. ఆదినారాయణప్ప చాన్నాళ్ళు ముభావంగా ఉన్నాడు. శ్రుతి ఒక ఆదివారం వచ్చి తల్లి పక్కన కూర్చుని, "నేను వినలేదు కదమ్మా నువ్వు చెప్పినప్పుడు" అంది. "ఇప్పుడు విను" అని పార్వతమ్మ నీళ్ళు తాగకుండా నడిచిన సంగతి చెప్పింది. మగవాళ్ళు లేనప్పుడు చెప్పింది. శ్రుతి కళ్ళొత్తుకుంది.

కృష్ణప్పకు మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీసే అలవాటు. ఆ వేళకు అంగడిలో నేను ఉంటానని పార్వతమ్మే అడిగింది. అతను నసిగాడు, వదిన మాట కాదనలేక ఒప్పుకున్నాడు. పరుపు తిరిగి రాలేదు. కౌంటరు వెనక ఒక ఎత్తు కుర్చీ, అంతే. వచ్చేవాళ్ళు ఇప్పుడు చేతులు చాపరు, పెట్టె తీసుకుని పోతారు. ఎప్పుడో ఒకరు ఆగి మాట్లాడతారు. పాత కాలం కాదని ఆమెకు తెలుసు.

అతని నడకలు ఆగలేదు. ప్రతిసారీ అడుగుతాడు, ప్రతిసారీ ఆమె కాదంటుంది. ఒకసారి కాదంటే అయిపోతుందనుకుంది గానీ, ప్రతిసారీ కొత్తగా గుండె దిటవు చేసుకోవాలి. అతను బయట ఉన్నన్నాళ్ళూ ఆమెకు ముద్ద దిగదు. ఆ భయం నుంచి ఆమెకు సెలవు దొరకలేదు.

ఆ పై జనవరికి పోస్టరు మీద అతనొక్కడే ఉన్నాడు. బయల్దేరే పొద్దున బూట్లు కట్టుకుంటూ తలెత్తకుండా అడిగాడు.

"హొసకోట దాకానన్నా వస్తావా?"

"రాను."

"కె.ఆర్. పురం?"

"రాను."

"అవెన్యూ రోడ్డు మూల వరకు?"

పార్వతమ్మ ఆలోచించింది. "చెప్పులేసుకుని వస్తాను" అంది.

పోయింది. మూల దగ్గర అందరూ గోవింద కొట్టారు. అతను నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూశాడు. ఆమె చెయ్యి ఊపింది. జనంలో అతని టోపీ కనబడినంతసేపూ నిలబడి, ఫోను శబ్దం పెద్దది చేసుకుని, ఇంటివైపు తిరిగింది.